కలెక్టర్ గారూ, ఈసారి మీటింగు కాలవ గట్టున పెట్టండి

కాకినాడ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారమండి.

ఉత్తరం మీ పేరున రాస్తున్నాను గానీ, మా ఊరి పెద్దలూ, బోటు ఓనర్లూ, మా వెనకవైపు రొయ్యల చెరువుల రైతులూ కూడా చదవాలని నలుగురిలో పెడుతున్నాను. సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు, అర్జీని సంబంధిత శాఖకి పంపుతారు. ఆ పద్ధతిని తప్పుపట్టను. కాకపోతే నేను చెప్పబోయే బాధ ఏ శాఖకి సంబంధించిందో నాకే తెలియదు. అందుకే ఈ దారి పట్టాను.

తాళ్ళరేవు మండలంలో, కోరంగి మడ అడవి అంచున ఉన్న ఒక మత్స్యకార గ్రామం మాది. మా నాన్న వేటకెళ్ళేవాడు. నాకు సముద్రం పడలేదు, పడవ మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు, దాటిందంటే వాంతులు. అందుకని ఇంజను పని నేర్చుకున్నాను. ఈ చుట్టుపక్కల ఊళ్ళ బోట్ల ఇంజన్లు సగం నా చేతిమీదుగా వెళ్ళినవే.

ముందు నా తప్పు చెప్పుకుంటాను, లేకపోతే తర్వాత ఎవరినీ ఏమీ అనే హక్కు నాకుండదు. ఇంజనుకి ఆయిలు మారిస్తే కాలిన ఆయిలు లీటర్లకి లీటర్లు దిగుతుంది. తారులా నల్లగా ఉంటుంది. 22 ఏళ్ళు ఆ ఆయిలంతా కాలవలోనే పోశాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదండీ, అందరికీ అది ఖాళీ. నాకు మాత్రం అప్పుడే ఊపిరాడని పని, ఎందుకంటే బోట్లన్నీ గట్టెక్కి రిపేరుకొస్తాయి. అంటే చేపలు గుడ్లు పెట్టుకోవడానికని ప్రభుత్వం వలలు ఆపిన రెండు నెలల్లోనే నేను అన్నిటికంటే ఎక్కువ ఆయిలు కాలవలో కలిపేవాణ్ణి. ఈ మాట అప్పట్లో ఎవరూ నాతో అనలేదు. నాకూ తట్టలేదు.

నాలుగేళ్ళ కిందట మా మేనత్త నా షెడ్డు ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ కాలవలో నడుంలోతు దిగి, చేత్తో తడిమి రొయ్యలు పట్టే మనిషి. ఆ రోజు నడుం దాకా నల్లగా ఉంది. "నీ దుకాణం నా చీరకంటుకుందిరా" అంది, అంతే. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. మర్నాడు ఆవిడ వెంట వెళ్ళి చూశాను. మడ చెట్లకి బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఊపిరి వేళ్ళు ఉంటాయి, చిటికెన వేలంత లావు. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వాటితోనే ఊపిరి పీలుస్తుంది. మా రేవు కింద వాటిమీద ఆయిలు పొరలా కట్టి ఉంది. ముక్కూ నోరూ మూసేసినట్టు. కొన్ని మొక్కలు అప్పటికే ఎండిపోయాయి.

ఇప్పుడు షెడ్డులో 200 లీటర్ల డ్రమ్ము పెట్టాను. నిండితే కాలిన ఆయిలు కొనేవాళ్ళు వచ్చి డబ్బిచ్చి మరీ తీసుకెళ్తారు. పారబోసిన 22 ఏళ్ళూ డబ్బు కూడా పారబోశానన్నమాట. దీనికి చట్టం కావలసి రాలేదు, ఫైలు కదలలేదు. మా అత్త చీర చాలింది. అయితే ఈ తీరం పొడుగునా మెకానిక్‌లు ఎంతమందో, అందరికీ మా అత్తలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది?

అయ్యా, మా కాకినాడ అఖాతం లెక్క మీకు తెలియనిది కాదు. గౌతమి గోదావరి నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు మడలోంచి వచ్చి అఖాతంలో కలుస్తాయి. బయట సముద్రానికి అడ్డంగా హోప్ ఐలాండ్, సుమారు 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ. గోదారి తెచ్చిన ఇసుకే అది. దాని చాటున కాకినాడ ఉంది, పోర్టు ఉంది, మేమున్నాం. 1978లో కోరంగి మడని అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో బావురు పిల్లి ఉంది, నీటికుక్కలున్నాయి, మా పీతలూ రొయ్యలూ ఉన్నాయి.

ఇప్పుడు పండుగప్పని తీసుకోండి. మొగ దగ్గర ఉప్పునీళ్ళలో గుడ్డు పెడుతుంది, పిల్ల మడ కాలవల్లోకి వచ్చి పెరుగుతుంది, పెద్దదయ్యాక మళ్ళీ మొగకి దిగుతుంది. మొగలో ఉన్నప్పుడు అది మత్స్యశాఖది. మడలోకొస్తే అటవీ శాఖది. ఆ కాలవలోకి ఫ్యాక్టరీ నీళ్ళొస్తే కాలుష్య నియంత్రణ మండలి సంగతి, ఊరి మురుగొస్తే కార్పొరేషన్ సంగతి, ఎండాకాలం ధవళేశ్వరం దిగువకి మంచినీళ్ళు రాక కాలవ ఉప్పెక్కితే ఇరిగేషన్ వాళ్ళ సంగతి. ఓడల దారి పోర్టుది. 2022లో జిల్లాలు విడగొట్టాక అభయారణ్యం కొంత మీది, కొంత కోనసీమది. యానాం రేవుకెళ్తే ఏకంగా పుదుచ్చేరి. ఒక్క చేప బతకడానికి ఇన్ని సంతకాలు కావాలి. సంతకం పెట్టాల్సిన వాళ్ళంతా ఒక గదిలో కూర్చోగా నేనైతే ఎప్పుడూ చూడలేదు. అందరూ విడివిడిగా మా ఊరొస్తారు, విడివిడిగా మా చేత వేలిముద్ర వేయించుకుని వెళ్తారు.

కలిసి చేస్తే ఏమవుతుందో మేం ఒకసారి చూశాం. 1996 నవంబరు 6 నాటికి నాకు 19 ఏళ్ళు. ఆ రాత్రి తుఫాను గురించి ఎక్కువ రాయను. వెయ్యిమందికి పైగా పోయారు, వేటకెళ్ళినవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప పేర్లు మా ఇళ్ళల్లో ఇప్పటికీ గొంతు తగ్గించి పలుకుతారు. మా ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఉంది. నీళ్ళు మా ఇళ్ళలోకి వచ్చాయి, గోడలు కూలాయి. కానీ కెరటంలా వచ్చి మీద పడలేదు. అదే కోరంగి రేవుని 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన దెబ్బకొట్టింది. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు. అక్కడ ఓడెక్కి బర్మా వెళ్ళినవాళ్ళ వల్ల రంగూన్లో మనవాళ్ళకి కోరంగీలనే పేరు పడింది. ఇప్పుడు వెళ్తే రేవూ లేదు, ఓడలూ లేవు, పేరొక్కటే ఉంది.

ఆ తుఫాను రోజుల్లోనే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళూ అటవీ శాఖా కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఊరి కమిటీలతో మడ పెంచే పని మొదలుపెట్టారు. అప్పుడు నేను కూలికెళ్ళాను, కాబట్టి చేత్తో చేసిన పని గురించే చెప్తున్నాను. మడని గంపగుత్తగా నరికేసిన చోట ఎండ నేరుగా బురదకి తగిలి నేల కుంగి పళ్ళెంలా అవుతుంది. పోటుకి నీళ్ళెక్కుతాయి, పాటుకి దిగవు. నిలిచిన నీళ్ళు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఏళ్ళు గడిచేసరికి అక్కడి బురద సముద్రం కంటే ఉప్పన. మడ విత్తనం కొట్టుకొచ్చి పడినా బతకదు. మీరు లక్ష మొక్కలు నాటించినా అంతే, వచ్చే ఏడాదికి వెదురు పుల్లలు మిగులుతాయి. అలాంటి చోట మొక్క కంటే ముందు నీళ్ళకి దారి కావాలి. మధ్యలో పెద్ద కాలవ, దాని రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు తవ్వాం. పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లు. పోటు లోపలికొచ్చి ఉప్పుని కడుక్కుని పాటుతో బయటికి పోయింది. తర్వాత కాలవ ఒడ్డున నాటిన మడ మొక్కలు నిలిచాయి. ఈరోజు ఆ చెట్ల కింద మా కుర్రాళ్ళు పీతలు పడుతున్నారు.

కొలతలు ఆఫీసర్లవి. ఏ వాలున తవ్వితే నీళ్ళు నిలవకుండా లాగుతాయో చూపించింది మాత్రం మా ముసలివాళ్ళు. కర్ర పాతి, తడి ఎంతవరకూ ఎక్కిందో గీత గీసి చూపించేవారు. మా అఖాతంలో పోటుకీ పాటుకీ తేడా మహా అయితే మీటరున్నర. అందుకే జానెడు మేట వేసినా కాలవ చచ్చిపోతుంది. మేట ప్రతి ఏడాదీ పడుతుంది. తవ్వడానికి ప్రాజెక్టు వచ్చింది, పూడిక తియ్యడానికి ఏ ప్రాజెక్టూ రాలేదు. ప్రాజెక్టు అయిపోయాక కమిటీ రిజిస్టరు బీరువాలోకి వెళ్ళింది. మాకు మేమే తీసుకుందామంటే, అడవిలోకి పార పట్టుకుని వెళ్తే కేసవుతుందని భయం. ఆ భయం ఉత్తిదే కావచ్చు, ఎవరైనా అధికారి వచ్చి చెప్తే పోతుంది. 2023 కేంద్ర బడ్జెట్‌లో మడ కోసం మిష్టి అనే పథకం ప్రకటించారు, ఉపాధి పనినీ దానికి కలుపుతామన్నారు. కొత్త మొక్కల లెక్కకి ఎంత పెడతారో పెట్టండి గానీ, పాత కాలవల పూడికకి అందులో ఒక పద్దు రాయించండి. ఫోటోకి బాగుండదు, తెలుసు. బురద తీసే ఫోటో ఎవరు చూస్తారు.

ఇక చెరువుల సంగతి. మా బంధువుల్లో సగం మంది ఇప్పుడు రొయ్యల రైతులే, కాబట్టి వాళ్ళని దొంగల్లా చూపించే ఉద్దేశం నాకు లేదు. ఐదు హెక్టార్లు దాటిన చెరువులకి వ్యర్థజలాల్ని శుభ్రం చేసే ఏర్పాటు ఉండాలని నిబంధన. మా దగ్గర ఉన్నవి ఎకరం, రెండెకరాలవే. రొయ్యల పట్టుబడి రోజున తూము ఎత్తేస్తే అడుగు బురదతో సహా నీళ్ళన్నీ కాలవలోకే. ఇందులో వింత ఏమిటంటే, పక్క రైతు అదే కాలవలో మోటారు పెట్టి తన చెరువు నింపుకుంటాడు. ఒకడి చెరువులో రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వస్తే ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి తూము ఎత్తేస్తాడు. తెల్లారి పక్కవాడు ఆ తెల్లమచ్చని డీజిలు ఖర్చు పెట్టుకుని మరీ తోడుకుంటాడు. పది రోజుల తర్వాత ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని మందుల షాపువాణ్ణి తిడతారు. వీళ్ళకి సముద్రం మీద ప్రేమ కలగక్కర్లేదు, ఒక వాట్సాప్ గ్రూపు చాలు. ఎవరు ఎప్పుడు వదులుతున్నారో, ఎవరు ఎప్పుడు తోడుకుంటున్నారో, జబ్బొస్తే వదలకుండా ఎన్నాళ్ళు ఆపి నీళ్ళకి మందు కొడతారో ఒక కాలవ మీద ఉన్న రైతులంతా మాట్లాడుకుంటే సగం టెన్షన్ పోతుంది. రైతుల్ని ఇలా సంఘాలుగా కలపడానికే 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. అంటే ఈ ఆలోచన మన జిల్లాకి కొత్తదేం కాదు. మా కాలవ దాకా రాలేదు, అంతే.

కాకినాడ సిటీ గురించి ఒక్క మాట. జగన్నాథపురం వంతెన మీద ఆగి ఉప్పుటేరు చూడమనండి. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో అడగమనండి. సిటీవాళ్ళు ఆదివారం కోరంగి వచ్చి చెక్క దారిమీద నడిచి, మడ ఎంత బాగుందో అని సెల్ఫీ తీసుకుని వెళ్తారు. వాళ్ళింటి కవరు అప్పటికే వాళ్ళకంటే ముందొచ్చి ఆ వేళ్ళకి చుట్టుకుని ఉంటుంది.

మావాళ్ళ తప్పులు దాచను. తెగిన నైలాను వలని సముద్రంలోనే వదిలేస్తాం. అది ఎవరూ లేకపోయినా వేటాడుతూనే ఉంటుంది, చివరికి మడలోకొచ్చి పీతల్ని చుట్టేస్తుంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలికి మరబోట్లు రాకూడదు. వస్తాయి, రాత్రిపూట, లైట్లు ఆర్పి. నేను రిపేరు చేసిన ఇంజన్లే అవి, చప్పుడు విని చెప్పగలను ఎవరివో. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళు వాటి వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకొస్తాయి. వలకి తాబేలు బయటపడే దారి పెట్టమంటే రొయ్య కూడా పోతుందని ఓనర్ల గొడవ. ఆ గొడవలో కొంత నిజముంది. కానీ వాళ్ళతో కూర్చుని, ఆ వల వాళ్ళ బోటు మీదే లాగి, ఎంత పోయిందో తూకం వేసి చూపించినవాళ్ళు మా రేవులో లేరు.

2025 సెప్టెంబరులో ఉప్పాడ వాళ్ళు ఫ్యాక్టరీల నీళ్ళ మీద కడుపు మండి రోడ్డెక్కారు. వాళ్ళకి ఒకపక్క సముద్రం ఊరిని కోసుకుపోతోంది, ఇంకోపక్క వల ఖాళీగా వస్తోంది. రోడ్డెక్కితేనే ఆఫీసర్లంతా ఒకచోటికి వస్తారని అప్పుడు అర్థమైంది. అది మంచి అలవాటు కాదండి, మాకూ మీకూ కూడా. అక్కడ నాకు ఇంకోటి కూడా అనిపించింది. నీళ్ళు చెడ్డాయని మేమంటాం, పరిమితి లోపలే ఉన్నాయని కాగితం అంటుంది. కాగితం వాళ్ళ దగ్గరుంటుంది, మా దగ్గర ముక్కు ఉంటుంది. విచారణలో ముక్కు చెల్లదు. మా మేనల్లుడు ఆక్వా టెక్నీషియను, నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే చేతి మీటరూ, పీహెచ్, ఆక్సిజన్ చూసే కిట్టూ వాడికి రోజూ అన్నం పెట్టే సామాను. ఇలాంటి కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. కాలవకి ఇద్దరు చొప్పున వారానికోసారి, పోటుకొకసారి పాటుకొకసారి, చూసి పుస్తకంలో రాస్తే ఏడాదికి మా దగ్గరా ఒక కాగితం ఉంటుంది. ఫ్యాక్టరీ విషం పట్టేంత పరీక్షలు మావాళ్ళ వల్ల కావు, ఆ సంగతి తెలుసు. కానీ ఏ రోజున నీళ్ళు మారాయో ఆ తేదీ మేం చెప్పగలం. ఆ రోజున వచ్చి సీసా పట్టుకెళ్ళాల్సింది కాలుష్య నియంత్రణ మండలివాళ్ళు. ఆ పుస్తకాన్ని మీ ఆఫీసు లెక్కలోకి తీసుకుంటుందని ఒక ముక్క రాసివ్వండి.

మా ఊళ్ళల్లో కట్టుబాటు అని ఒకటుంది. కాలవలో ఎవరి వల ఏ చోట, ఏ వంతున పడాలో పెద్దలు తేలుస్తారు. వంతు తప్పితే తప్పు కట్టాలి, ఆ సొమ్ము గంగమ్మ తల్లి జాతరకి. పోలీసుకి భయపడనివాడు కూడా దీనికి లొంగుతాడు. కాలిన ఆయిలు, తెగిన వల, చెప్పకుండా ఎత్తిన తూము, ఈ మూడూ కట్టుబాటులోకి రావాలని నా కోరిక. అలాగని కట్టుబాటుని నెత్తిన పెట్టుకోమనడం లేదు. మనుషుల్ని వెలి వేసిన రోజులు చూశాను. పెద్దల అరుగు మీద ఆడవాళ్ళకి చోటుండదు, గుల్లలేరేదీ, చేత్తో రొయ్య పట్టేదీ, బురద ఏ రంగు మారిందో ముందు చూసేదీ వాళ్ళే అయినా. అందుకే పెద్దల మాటొక్కటే చాలదు, ప్రభుత్వమూ ఆ గట్టున కూర్చోవాలి. మీరు కూర్చుంటే మా అత్తకి కూడా కుర్చీ వేస్తారు, కలెక్టరు గారి ముందు వేయక తప్పదు.

నేను అడిగేది ఒక్క రోజు. వచ్చే వేట నిషేధంలో, మగవాళ్ళంతా ఊళ్ళో ఉండే 61 రోజుల్లో ఒక అమావాస్య చూసుకుని రండి. అమావాస్యకి మంచిపని మొదలుపెట్టకూడదంటారు గానీ, అప్పుడు పాటు బాగా తీసి కాలవ అడుగంతా బయటపడుతుంది. కాలవ ఎక్కడ పూడిందో, తూములు ఎక్కడున్నాయో, నా ఆయిలు ఎక్కడిదాకా పాకిందో ఏ రిపోర్టూ లేకుండా కంటికే కనిపిస్తుంది. అటవీ, మత్స్య, కాలుష్య, ఇరిగేషన్, పోర్టు, కార్పొరేషన్ వాళ్ళని వెంట తీసుకురండి. కోనసీమ కలెక్టరు గారినీ, యానాం అధికారుల్నీ పిలవండి. ఏసీ హాల్లో పవర్‌పాయింటు వేస్తే మావాళ్ళు రారు, వచ్చినా వెనక వరసలో నిద్రపోతారు. ఆ రోజున మా ఒక్క కాలవకి ఎవరెవరు ఏం చెయ్యాలో తేలిస్తే చాలు, మిగతా కాలవలవాళ్ళు చూసుకుని అడుగుతారు. మాది చెడితే అదీ చూసుకుంటారు.

మా ఊరి పెద్దలకి: నా మీద కోపం వస్తే షెడ్డుకొచ్చి తిట్టండి, ఇంజను విప్పి ఉంటుంది, ఎక్కడికీ పారిపోలేను. వచ్చేటప్పుడు మీ బోటు కాలిన ఆయిలు డబ్బాలో తెండి. డ్రమ్ములో ఇంకా చోటుంది.

కలెక్టర్ గారూ, వచ్చేటప్పుడు పాత చెప్పులు వేసుకురండి. మా బురద మోకాలు దాకా లాగుతుంది, కొత్త చెప్పులు ఉంచుకుంటుంది.

ఇట్లు,
తాళ్ళరేవు మండలం నుంచి
ఒక బోటు ఇంజను మెకానిక్